శవం కదలొద్దన్నది నేనే

మా గనుల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీలో మనిషి పోతే, ఇంట్లోవాళ్లకు ఏమిస్తారో ఆఫీసర్లు వచ్చి రాసిచ్చేదాకా శవాన్ని లేపనియ్యం. ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటారు, నాయకులు మాట్లాడుతుంటారు. ఇరవై ఏళ్లుగా యూనియన్‌లో తిరుగుతున్నవాణ్ని, అట్లా ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. శవం లేచిందంటే మాట మీద నిలబడేవాడు ఉండడు.

మా చెల్లెలి భర్త మాత్రం బొగ్గు జోలికి రాలేదు. ఐటీఐ చదివి ఓడ ఎక్కాడు. "బొగ్గు బాయిల దిగుడు నాతోని కాదు బావా, పైన ఆకాశమన్న కనబడాలె" అని నవ్వేవాడు.

పోయిన ఏడాది వానాకాలంలో, నడిసముద్రంలో, ఒక కంటైనర్ నుంచి పొగ వచ్చింది. కాగితాల్లో ఇంటి సామాను అని ఉందట. లోపలున్నవి రసాయనాల డ్రమ్ములు. చూసి రమ్మంటే వెళ్లాడు, అక్కడే పడిపోయాడు. మాస్కు పెట్టుకోకపోవడం అతని తప్పేనని ఓడవాళ్లు రిపోర్టు రాశారు. ఇంటి సామాను దగ్గరికి మాస్కు ఎవడు పెట్టుకుంటాడు?

పెట్టెలో వచ్చాడు. హైదరాబాద్ నుంచి అంబులెన్స్ వెంట ఓడ కంపెనీ తరఫు ఏజెంటు ఒకాయన వచ్చాడు. చెల్లెలు ఇద్దరు పిల్లలతో మా క్వార్టర్లో ఎదురుచూస్తోంది. నేను మావాళ్లను పోగేసి చౌరస్తాలోనే బండికి అడ్డం కూర్చున్నాను.

"రాసియ్యకుంటే బండి కదలదు" అన్నాను.

"అన్నా, ఓడ ఓనర్ ఏ దేశంల ఉన్నడో నాక్కూడ తెల్వది" అని ఏజెంటు బతిమాలాడు. మాకు అట్లాంటి మాటలు కొత్తా!

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, ముందుగాల ఇంటికి తేండ్రి. పిల్లలు నాయినను చూస్తరు."

"జర ఆగు చెల్లె. నీ కోసమే గదా" అన్నాను.

మిట్టమధ్యాహ్నం దాటాక, ఏజెంటు ఎవరెవరితోనో మాట్లాడి, పక్కనున్న నెట్ సెంటర్లో ఒక కాగితం ప్రింటు తీయించుకొచ్చాడు. నాలుగు పేజీల ఇంగ్లీషు. మొదటి పేజీలో చెల్లెలికి ఇచ్చే మొత్తం ఉంది. అది చూసి చాలనుకున్నాను. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంటికి చేరాక, పెట్టె దించకముందే, కాగితం చెల్లెలి ముందు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను. వేలు చూపించిన చోట పెట్టింది.

నెల తర్వాత ఓడల కేసులు చూసే లాయరమ్మను వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లాం. మా కాలనీలోనే పెరిగిన ఆంధ్ర ఇంజనీరు గారి కూతురామె. చెల్లెలు అడిగింది పైసల గురించి కాదు. "ఆయన తప్పేం లేదని కోర్టు చెప్పాలె. ఆ డబ్బా మీద అబద్ధం రాసినోడు జవాబియ్యాలె" అంది.

లాయరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "ఈ డబ్బు ఉద్యోగ ఒప్పందం ప్రకారం ఎలాగూ వచ్చేదేనండీ. మూడో పేజీ చూడండి. ఓడవాళ్ల మీద గానీ, సరుకు పంపినవాళ్ల మీద గానీ ఇక ఏ కేసూ వెయ్యనని ఉంది."

ఆమె చెప్పినదాన్ని బట్టి, ప్రమాదకరమైన సరుకు వల్ల సముద్రం మీద మనిషి పోతే, తప్పెవరిదని తేల్చకుండానే ఓడ యజమాని పరిహారం ఇవ్వాలని, అది చాలకపోతే ఆ సరుకులు తెప్పించుకునేవాళ్లు వేసిన నిధి నుంచి ఇవ్వాలని దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయట. ఏళ్లు గడిచినా అమల్లోకి రాలేదట. అంటే సరుకు పంపినవాణ్ని మేమే కోర్టుకు ఈడ్చాలి. దానికి చెల్లెలి సంతకమే అడ్డం. ఆ మూడో పేజీ నేను తిప్పనే లేదు.

లాయరమ్మ చెల్లెలి వైపు వంగింది. "ఇందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టారా? ఎవరూ చదివి చెప్పలేదంటే, దీన్ని రద్దు చెయ్యమని అడగొచ్చు. మనకున్న దారి అదొక్కటే."

చెల్లెలు నా వైపు చూడలేదు.

"లేదు మేడం. మా అన్న మొత్తం చదివి చెప్పిండు. మా కాలనీల అందరి కాగితాలు ఆయనే చదువుతడు."

"నిజమేనా అండీ?" అని లాయరమ్మ నన్ను అడిగింది.

గని గేటు ముందు మైకు లేకుండా షిఫ్టు మొత్తానికి వినబడే గొంతు నాది. నేను అవునన్నట్టు తలూపాను.