పోయేకొద్దీ పెరిగిన పెట్రోలు

నవ్వేటోళ్లు ముందర నవ్వేయండప్పా, ఆమీట చెప్తా. మొన్న నా కారుకు ఎద్దుల్ని కట్టి ధర్మవరం వీధుల్లో లాక్కపోయినారని హిందూపురం అంతా చెప్పుకుంటాండారంట. అబద్ధం కాదు. లాక్కపోయినారు. లోపల స్టీరింగు పట్టుకోని కూచున్నోన్ని నేనే! మొదట్నించి చెప్తా, టీ చల్లారిపోకముందే వినండి.

ఆ కారు మీరంతా చూసిందే గదా. యుద్ధానికి ముందరి విలాయతీ బండి. కాఫీ తోటల దొర ఒకాయన వదిలేసి పోయింటే, ఆ బంగళా వాచ్‌మన్ దాంట్లో కోళ్లు పెంచుతాండె. కోళ్లను దింపి, కారును లారీమీద హిందూపురం తెచ్చుకున్నా. ఇంజను బాగానే ఉండాది. వైర్లు మాత్రం ఎలుకలు ఒక్కటి మిగల్చకుండా కొరికి పెట్టినాయి. డ్యాష్‌బోర్డులో డయళ్లన్నీ కండ్లకు పొర వచ్చినట్ల మసకబారిపోయినాయి.

మెకానిక్ మస్తాను వచ్చి చూసినాడు. "అన్నా, డ్యాష్‌బోర్డు ఊడదీసి కొత్త వైరింగు చేయాల. బండి నాకు వదిలిపెట్టి నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు.

నిశ్చింతగా ఉండు అన్నాడంటే నాకు అనుమానం రాదా? విలాయతీ డయళ్లు పీకి, యాడివో పాత లారీవి తెచ్చి పెడితే నాకేం తెలుస్తాది? మా బెల్లం మండీలో బల్బులన్నీ బిగిచ్చింది నేనే. రేడియోకు ఏరియలు కట్టింది నేనే. ఇంతవరకు ఎవరికీ షాకు కొట్టలేదు. "నేనే చేసుకుంటా పో" అంటిని.

పాత వైరు ఒక్కొక్కటి పీకి, దాని బదులు లాగిన కొత్తదానికి గుర్తుకు దారం కట్టినా. దారాలిచ్చింది నా పెండ్లాం సావిత్రి. ధర్మవరం మగ్గాల ఇంటి బిడ్డ, దాని పెట్టెలో లేని రంగు పట్టుదారం ఉండదు. పక్కన కూచోని, ఇది దీనికి, అది దానికి అని చెప్తా అందిచ్చింది. మళ్లా ఆ కొసల్ని డయళ్లకు బిగిచ్చేటప్పుడు మాత్రం నేనొక్కన్నే. డయళ్ల చుట్టూ ఇత్తడి రింగుల్ని చింతపండేసి తోమితిని. స్విచ్చి ఏస్తూనే లైట్లు ఎలిగె, హారను మోగె, ముండ్లు కదిలె! సావిత్రి కారుకు హారతిచ్చింది. ఆ సాయంత్రం ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చినా.

ఆడికి బాగుంది. మరుసటి రోజు పొద్దున్నే స్విచ్చి ఏసి చూస్తినా, పెట్రోలు ముల్లు సున్నా!

ముందురోజు సాయంత్రం ముప్పావు చూపిచ్చిందప్పా! ఏమైపోతాది? డబ్బాడు పెట్రోలు తెచ్చి పోసినా. బండి నడిపినా. సాయంత్రానికి ముల్లు బాగుంది. పొద్దున లేస్తే మళ్లా సున్నా. ఎవడో కొట్టేస్తాండాడు!

ఎవడంటే, ఇంట్లో నాకు తెలిసి పెట్రోలు అవసరం ఉండే మనిషి ఒక్కడే. మా బామ్మర్ది నాగరాజు. ఈడ స్కూల్లో డ్రిల్లు మాస్టరు, మా ఇంట్లోనే ఉంటాడు. వానికొక పాత మోటారుసైకిలుండాది. సాయంత్రమైతే దానిమీద గోరంట్లకు పోతాడు, యాలనో, ఏం పనిమీదనో చెప్పడు.

వాని టవలు తీసి వాసన చూసినా. పెట్రోలు వాసన! బెల్లం గోడౌను తాళం తెచ్చి ట్యాంకు మూతకేసినా. తెల్లారి మళ్లా సున్నానే. అంటే దొంగతాళం కూడా చేయిచ్చుకున్నాడన్నమాట!

"బావా, అనుమానముంటే ట్యాంకులో పుల్ల పెట్టి చూడరాదా?" అన్నాడు నాగరాజు.

దొంగే ఉపాయం చెప్తాండాడంటే దాంట్లో ఏదో మతలబు ఉంటాది గదా. నేను పుల్ల పెట్టలేదు.

సావిత్రి నేను టవలు వాసన చూస్తాంటే చూసేసింది. "మా తమ్మున్ని దొంగను చేసినావా? కుక్క మాదిరి వాని గుడ్డలు వాసన చూస్తాండావా?" అని ఆపొద్దునుంచి మాట్లాడ్డం మానేసింది. అన్నం పెడ్తాది, గిన్నె శబ్దంలోనే తిట్టు ఉంటాది.

ఇంకొకటి వినండి. పెట్రోలు పోయిచ్చిన ప్రతిసారీ ఇంజను వేడి చూపిచ్చే ముల్లు ఎర్ర గీత పక్కకు ఎగురుతాండాది! పోయకముందర చల్లగా ఉంటాది, పోస్తూనే జొరమొచ్చినట్ల లేస్తాది. నాకు అర్థమైపోయింది. బంకు వెంకటస్వామి కిరసనాయిలు కలుపుతాండాడు!

పోయి అడిగేసినా. "ఏమప్పా వెంకటస్వామీ, పెట్రోలుకు తోడు దీపాల నూనె కూడా అమ్ముతాండావా?"

వాడు గొట్టం తీసి నా మూతికాడ పెట్టినాడు. "తాగి చూడు! నీ కోళ్లగూటికి పోసేకి నాకేం ఖర్మ! ఇంకో బంకు చూసుకో పో" అన్నాడు. లారీలోళ్లంతా చూస్తాండారు. పెట్రోలు పోయిచ్చుకోకుండానే వచ్చేస్తిని. ఆపొద్దంతా బెల్లం రైతుల కోసం ఊర్లు తిరిగితిని. ఇంటికొస్తూనే ట్యాంకుకు కొత్త తాళమేసి, బీగంచెవి మొలతాడుకు కట్టుకుంటిని.

మరుసటి రోజు ధర్మవరంలో మా మరదలి నిశ్చితార్థం. మా మామ అందరికీ చెప్పి పెట్టినాడు, "మా అల్లుడు కారు తెస్తాండాడు, పెండ్లికొడుకు వాళ్లను స్టేషన్నుంచి దాంట్లోనే పిల్చుకొస్తాం" అని. పొద్దున్నే పూలకు, పండ్లకు, మిఠాయికి ఊరంతా తిరిగి ఇంటికొచ్చి డయలు చూస్తినా, పెట్రోలు ముల్లు ముప్పావు!

"చూస్తివా! తాళం మారిస్తిని, దొంగతనం ఆగిపోయింది!" అంటిని నాగరాజుకు వినపడేటట్ల. వాడు విజిలు జేబులో పెట్టుకోని ముందర సీట్లో కూచున్నాడు. సావిత్రి వెనక సీట్లో పూలబుట్ట ఒళ్లో పెట్టుకోని కిటికీ పక్కకు మొగం తిప్పుకునింది.

సోమందేపల్లి దాటినాం. పెనుకొండ కాడికొచ్చినాం. నాగరాజు డయలు పక్కకు వంగి వంగి చూస్తాండాడు.

"బావా, ఇంటికాడ ముప్పావు ఉన్నింది. ఇప్పుడు నిండుగా ఉండాది. పోయేకొద్దీ పెట్రోలు పెరుగుతాండాదే!"

"పెరగదా మరి? నువ్వు నా పక్కనే కూచున్నావు గదా, తీసేటోడు లేడు!"

వెనకనుంచి సావిత్రి ఊపిరి బుసకొట్టినట్ల వినపడింది. నేను పట్టిచ్చుకోలేదు. వేడి ముల్లు చూస్తే ఇంకా సంతోషం, కిందికి దిగిపోతాండాది. "వెంకటస్వామి నూనె అయిపోయింటాది, ఇంజను బెంగుళూరు మాదిరి చల్లగా ఉండాది" అనుకుంటిని. ఇంజను చల్లగుంటే నీళ్లెందుకు? యాడా నిలపలేదు.

ధర్మవరం కనపడతాండాది. బానెట్టు సందులోనుంచి సన్నగా పొగ. ఆమీట లావుగా పొగ. ఆమీట బండి దగ్గింది, తుమ్మింది, నిలిచిపోయింది. దిగి బానెట్టు ఎత్తితే కల్లుముంత పొంగినట్ల నీళ్లు పొంగుతాండాయి! ఇంజను మీద దోసె పోయొచ్చు. వేడి ముల్లు మాత్రం సున్నా.

నాగరాజు రోడ్డుపక్కనుంచి ఒక పుల్ల తెచ్చి నా చేతిలో పెట్టినాడు. మొలతాడునుంచి బీగంచెవి తీసి, తాళం తెరిచి, ట్యాంకులో పుల్ల పెట్టి తీసినా. ఎండిన పుల్ల ఎండినట్లే వచ్చింది. పెట్రోలు ముల్లు చూస్తే, నిండు!

సావిత్రి పూలబుట్ట పక్కన పెట్టి దిగింది. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూసింది. ఇన్నాళ్లకు నాతో మాట్లాడింది.

"పెట్రోలుకు ఏ దారం కట్టమంటిని?"

"పసుపు."

"ఇదేం రంగు?"

"పసుపే గదా!"

"ఇది గంధం రంగయ్యా! ఇంజను వేడి వైరుకు కట్టిచ్చింది. దీన్ని పెట్రోలు డయలుకు బిగిచ్చినావు. పసుపుది తీసుకపోయి వేడి డయలుకు తగిలిచ్చినావు. రెండూ తారుమారు చేసినావు!"

నా కండ్లకు రెండూ పసుపే. ఇప్పటికీ పసుపే. కానీ ఒక్కొక్కటే లోపల దిగుతాండాది. పొద్దున్నే సున్నా అంటే పెట్రోలు లేదని కాదు, ఇంజను చల్లగా ఉండాదని. ఎర్రగీత అంటే కిరసనాయిలు కాదు, ట్యాంకు నిండిందని. నాయనా!

సావిత్రికి నవ్వొచ్చింది. కారును పట్టుకోని నవ్వింది. నాగరాజు కూడా నవ్వింటే బాగుండు. వాడు విజిలు తీసి ఊది, దావన పోతాండే శెనక్కాయల ఎద్దులబండిని నిలిపినాడు.

బండి తోలే ఆయప్ప దిగి కారు చుట్టూ తిరిగినాడు. "ఇంత పెద్ద బండికి మేతెయ్యకుండా తెచ్చినారే!" అన్నాడు. తన బండిని పక్కకు నెట్టి, ఎద్దుల కాడిమాను తాళ్లతో కారుకు కట్టి, ఎద్దుల్ని అదిలిచ్చినాడు.

అట్లనే ఊర్లోకి పోతిమి. స్టేషనుకు పోవాల్సిన కారు పోకపోయేసరికి పెండ్లికొడుకు వాళ్లు జట్కాల్లో వచ్చేసి, మా మామ ఇంటిముందరే నిలబడుకోనుండారు. మా మామ మొగం చూడలేకపోతిని. అంతలో పెండ్లికొడుకు అవ్వ కర్ర పొడుచుకుంటా ముందుకొచ్చింది. కారంటే భయమని ఇంతవరకు ఎక్కని ముసలామె అంట.

"ఇదైతే నేనెక్కుతా. ఎద్దులుండాయి గదా!" అని తలుపు తీసుకోని కూచునేసింది. అవ్వను ఒక వీధి తిప్పుకొచ్చేదాకా నిశ్చితార్థం మొదలుపెట్టనీలేదు. మా మామ తెప్పరిల్లి, "మా అల్లుడు పెద్దల మనసెరిగినోడు" అని అందరికీ చెప్పుకున్నాడు.

సాయంత్రం నాగరాజును పక్కకు పిలిచి, "తప్పైపోయింది రా" అంటిని. "పోనీ బావా. ఆ టవలు మాత్రం నువ్వే ఉతుకు" అన్నాడు. ఉతికినా. గోరంట్లకు యాలకు పోతాండాడో కూడా అప్పుడే చెప్పినాడు, ఆడొక ముసలాయన కాడ నాదస్వరం నేర్చుకుంటాండాడంట. ఇంట్లో వాయిస్తే నేను తిడతానని చెప్పలేదంట. వెంకటస్వామి కాడికి కూడా పోతిని. నేను చెప్పేది సగం వినేసరికే వాడు లారీలోళ్లను పిలిచి మొదట్నించి చెప్పమన్నాడు. చెప్పినా.

ఇప్పుడు వైర్లు మార్చినా. సావిత్రి పక్కన నిలబడి మార్పిచ్చింది. ముల్లు ఇంక అబద్ధం చెప్పదు. చూస్తే ఏముండాది, ఆ కారు నిజంగానే ఏనుగు మాదిరి తాగుతాండాది! పొద్దున్నే ఆశగా పోయి స్విచ్చి ఏస్తా. రాత్రి యాడుండెనో ముల్లు ఆడనే ఉంటాది. తాళం అట్లే, మూత అట్లే. అనుమానపడేకి ఇంట్లో ఒక్క మనిషీ దొరకకపోతే పొద్దెట్ల పోవాలప్పా నాకు!