మోరీ మీద రైలు, మోరీ కింద నీళ్ళు

ఉద్యోగం అయిపోయాక ప్రొద్దుటూరులో మగవాడికి మిగిలేది టీ అంగడి బల్ల. నాకది గిట్టలేదు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాడికి లెక్కపెట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా! ఎర్రగుంట్ల నుంచి నంద్యాల పోయే రైలుదారిలో వంతెనలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ప్రతి వంతెనకూ గోడ మీద నంబరుంటుంది. ఆ నంబరు కనబడాలి, పైన రైలుండాలి. అప్పుడే నా లెక్కలో అది ఫోటో.

పెన్నా మీది పెద్ద వంతెనకు ఎవరైనా ఫోటో తీస్తారు. నేను రైలుకట్ట కింద దారికో కాలువకో కట్టిన చిన్న చిన్న మోరీలను కూడా వదల్లేదు. "మన పెండ్లి ఫోటోలు పన్నెండు, మోరీల ఫోటోలు మూడొందలు. నేనేం పాపం జేసినా?" అని మా ఆవిడ దెప్పింది. "నువ్వూ ఒక నంబరు రాయించుకో, తీస్తా" అన్నాను. ఆ పూట నాకు అన్నం శానా ఆలస్యమైంది.

జమ్మలమడుగు దాటి పెద్దముడియం వైపు ఒక మోరీ మాత్రం నన్ను ఏడిపించింది. ఆ దారిలో రైళ్ళు తక్కువ, ఒకటి తప్పితే పూట పోయినట్టే. నాలుగుసార్లు పోయాను. ఒకసారి మేతకొచ్చిన ఎనుము అడ్డమొచ్చింది. ఇంకోసారి సరిగ్గా రైలొచ్చే వేళకు నేనే తుమ్మాను. ఐదోసారి స్కూటరు దిగేసరికి నా ఈడు రైతమ్మ ఒకామె ఎదురొచ్చింది.

"సారూ, రైలోళ్ళా?"

అవుననలేదు, కాదనలేదు. మెడలో కెమెరా, నెత్తిన టోపీ, చేతిలో నంబర్ల పుస్తకం. ఇంజినీరనుకుంటే మనకేం పోయిందిలే అనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

"ముందు తిను, మాట తర్వాత" అని గట్టు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టెలు, నంజుకోను చెనక్కాయల ఊరుబిండి పెట్టింది. చేనులో పెట్టింది తిన్నవాడు ఆ మనిషి మాట కాదనకూడదు, మా సీమలో అది పద్ధతి. నాకు తెలియక కాదు, ఆకలి అట్లాంటిది. మూడో రొట్టె సగంలో ఉండగా ఆమె నోరు విప్పింది.

"కట్టకు ఆ పక్క నా శనగ కుప్పుంది సారూ. మొన్నటి వానకు మోరీ కింద నీళ్ళు నిల్చినాయి, ట్రాక్టరు దిగదు. ఇంగో వాన పడిందంటే కుప్పంతా మొలకలొస్తుంది. ఏడాది కష్టం. నీళ్ళు తీపియ్యాల నువ్వు."

మిగిలిన సగం రొట్టె కింద పెట్టబోయాను. అంతలో రైలు కూత. కెమెరా ఎత్తుకుని పరుగెత్తాను. ఆమె నాకంటే ముందు పరుగెత్తి, మోరీ కింద నడుము లోతు నీళ్ళలోకి దిగి నిలబడింది.

"అక్కా, పక్కకు రా! నంబరుకు అడ్డమొస్తాండావు!"

"నంబరు యాడికీ పోదులే! పోయేది నా శనగలు! లోతు కనపడేట్టు తియ్యి!"

నొక్కాను. పైన రైలు, కింద నీళ్ళలో ఆమె, నంబరు ఆమె తల వెనక. ఒళ్ళు మండిపోయింది. కానీ తిన్న రొట్టెలు ఊరుకుంటాయా? మరునాడే ఫోటో ప్రింటు తీయించి, అర్జీ రాసుకుని రైల్వే ఆఫీసుకు పోయాను.

"రైలు శానా బాగా పడింది సార్! నాకు వాట్సాప్ చెయ్యండి" అన్నాడు ఆఫీసాయన.

"రైలు కాదప్పా, కింద చూడు."

"అయ్యో, ఈమె యాడనుంచి అడ్డమొచ్చింది?"

నీళ్ళు తోడిస్తానని ఆయన నోటితో చెప్పేదాకా ఎదురుగా కుర్చీలోనే కూర్చున్నాను. ఎక్కం అప్పగించని పిల్లవాణ్ణి నేను ఇంటికి పంపినవాణ్ణి కాదు.

మూడోనాడు నీళ్ళు తోడే ఇంజను పెట్టి తోడించారు. చూద్దామని పోయేసరికి శనగ బస్తాలతో ట్రాక్టరు మోరీ కింద నుంచి బయటికొస్తోంది. సంతోషమైంది, సిగ్గూ వేసింది. "అక్కా, ఒక మాట. నేను రైలోన్ని కాదు, లెక్కల అయివారిని" అన్నాను.

"తెలుసులేప్పా" అని నవ్వింది. "ఇంజినీరు ఈ డొక్కు స్కూటరులో వస్తాడా? నాలుగుసార్లు వచ్చి ఉత్త చేతుల్తో పోతాంటే చూస్తనే ఉండా. మోరీ కోసం ఇన్నిసార్లు తిరిగేటోడు మనిషి కోసం ఒకసారి తిరగడా అనుకున్యా."

ఆమె మళ్ళీ రొట్టెల మూట విప్పింది. ఈసారి ముట్టుకోక ముందే అడిగాను: "ఇప్పుడేం పని చెప్తావక్కా?"

"ముందు తిను" అంది.