తట్టి చూసిన గొంతులు

ఆ రెండు నెలలూ ఆదివారాలు నా చేతుల్లో లేకుండా పోయాయి. తెలంగాణ రాకముందు మాట. మధ్యాహ్నం రెండింటికి టీవీలో పాటల పోటీ వచ్చేది. మా ఆయన ఒంటిగంటన్నరకే కుర్చీని టీవీకి మూరెడు దూరంలోకి జరుపుకొని, రిమోటు తొడ కింద పెట్టుకొని కూర్చునేవాడు. కుర్చీ కూడా తిన్నగా కాదు, కుడి చెవి టీవీ వైపు ఉండేట్టు వంకరగా. వెనక కూర్చున్న మాకు సగం టీవీ, సగం ఆయన వీపు. ఇక సౌండు సంగతి చెప్పనే అక్కర్లేదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఆ పోటీ వినడానికి ఎవరూ తమ టీవీ పెట్టుకోవాల్సిన పని లేదు.

నాకు పాటలంటే ఇష్టం లేక కాదు. చిన్నప్పుడు బతుకమ్మ ఆటలో నేను పాట ఎత్తుకుంటేనే మా వాడలో మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఇష్టం ఉంది కాబట్టే ఒళ్ళు మండేది. ఈయన పాట విననిస్తేగా? పల్లవి పూర్తికాకముందే తీర్పు చెప్పేసేవాడు.

మా ఆయన బొగ్గుబాయిలో సర్దార్. తన కింది మనుషులు పనిలోకి దిగేముందు ఆ చోటు భద్రంగా ఉందో లేదో చూడటం ఆయన బాధ్యత. చేతిలో పొడుగాటి కర్ర ఉంటుంది. దాంతో పైకప్పు బండను తట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే గట్టి బండ, దాని కింద పని చేసుకోవచ్చు. బద్దుగా మోగితే డొల్ల, అది ఎప్పుడు ఊడి మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు. కింద దుంగలు ఆనించేదాకా ఒక్కరినీ పోనివ్వకూడదు. పాతికేళ్ళు అదే పని చేసి చేసి, సంతలో కుండ కొన్నా కొబ్బరికాయ కొన్నా తట్టి చూడనిదే తీసుకునేవాడు కాదు. ఇప్పుడు అదే విద్య పాటగాళ్ళ మీద మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకొని, కుర్చీ చేతిని వేలితో తడుతూ వినేవాడు.

"గీడు డొల్ల. పోతడు. గా పిల్ల గట్టిది, ఉంటది."

పది మంది ఉన్నప్పుడు అచ్చం ఆయన చెప్పినట్టే జరిగింది. తొమ్మిదికి, ఎనిమిదికి, ఏడుకి వచ్చినా ఆయన మాట తప్పలేదు. నా తమ్ముడు ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేసేవాడు. "బావా, నిన్ను గా టీవీల కూసోబెట్టాలె" అని ఉబ్బేసేవాడు. వాడూ అదే బాయిలో, మా ఆయన కిందే పని. తను కూడా సర్దార్ కావాలని పరీక్షకు చదువుతున్నాడు. చదవడమంటే పుస్తకం చంకలో పెట్టుకొని వచ్చి మా ఇంట్లో మటన్ కూర తినడం.

ఆరుగురు మిగిలిన వారం లెక్క తప్పింది. ఆయన డొల్ల అన్నవాడు నిలిచాడు, గట్టి అన్న పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. మామూలు మనిషైతే పోనీలే అనుకుంటాడు. ఈయన జడ్జీలు అమ్ముడుపోయారన్నాడు. ఎస్సెమ్మెస్‌లన్నీ దొంగవన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి ఆ కోపం తెచ్చి నా కూర మీద పెట్టాడు, ఉప్పు లేదట. ఉప్పు సరిగ్గానే ఉంది. తమ్ముడు మూడుసార్లు వేయించుకున్నాడు.

మరుసటి వారం నుంచి కొత్త పీడ మొదలైంది. ప్రతి పాటకూ నా వైపు తిరిగేవాడు.

"నీకెట్ల వినవడ్డది?"

"మంచిగనే ఉన్నది."

"మంచిగ అంటే ఎట్ల? పైకి పోయినప్పుడు ఖంగుమన్నదా లేదా?"

"నేనేమన్న జడ్జినా? జర విననియ్యవయ్యా!"

అడగడం మానలేదు, సౌండూ తగ్గించలేదు. ఒకరోజు వంటింట్లోకి పోతూ, "చెవిటోని ముందు శంఖం ఊదినట్టున్నది నా బతుకు" అని గట్టిగానే అన్నాను. ఆయన తల కూడా తిప్పలేదు. ఎంత లెక్కలేనితనం అని ఇంకా మండింది నాకు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

ఆయనతో విసిగిపోయింది నేనొక్కదాన్నే కాదని ఐదుగురు మిగిలిన వారం తెలిసింది. ఆయన స్నానానికి పోయినప్పుడు తమ్ముడు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, బావకేమన్న అయిందా? ఈ నడుమ ఏ బండను తట్టినా డొల్లనే అంటుండు. మంచిగున్న కాడ గూడ దుంగలు పెట్టిస్తుండు. సగం షిఫ్టు దాంట్లనే పోతున్నది. అందరు నవ్వుతున్నరు."

"మరి మీరేం చేస్తున్నరు?"

"ఏం చేస్తం? ఆయన అటు పోంగనే మేము ఇటు దూరుతున్నం. ఆయన మాట పట్టుకుంటే పనైతదా?"

దేవుడా, ఇంట్లో పాటలతో, బాయిలో బండలతో అందరినీ సతాయిస్తున్నాడే ఈ మనిషి అనుకున్నాను. అంతకు మించి నా బుర్రకు తట్టలేదు. పొయ్యి మీద పప్పు మాడుతుంటే అటు పోయాను.

తర్వాతి ఆదివారానికి నలుగురు మిగిలారు. వాళ్ళలో ముగ్గురే ఫైనల్స్‌కు పోతారు. చివర్లో ఒక బక్కపలచని అమ్మాయి పాడింది. పాట ఆఖర్న గొంతు పైకి, ఇంకా పైకి తీసుకుపోయి అక్కడే నిలబెట్టింది. సన్నగా, ఎక్కడా వణకకుండా. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. జడ్జీలు కుర్చీల్లోంచి లేచారు.

మా ఆయన కళ్ళు తెరిచి, "గిదేందే, మధ్యలనే ఆపేసింది?" అన్నాడు. "నోరు తెర్సి ఊకెనే నిలవడ్డది. గొంతు లేస్తలేదు పాపం."

నేను పకపకా నవ్వాను. తమ్ముడూ నవ్వాడు. నవ్వుతున్నవాడల్లా ఆగిపోయాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"బావా, నువ్వు ఆపిందన్న కాడనే అది ఖంగుమన్నది."

ఆయనకు అందలేదు. తమ్ముడు దగ్గరికి పోయి మళ్ళీ చెప్పాడు. ఆయన టీవీ వంక చూశాడు. జడ్జీలు ఇంకా చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నిజంగ పాడిందా?"

"పాడింది."

ఆయన ప్రశ్నకు నేను విసుక్కోకుండా జవాబు చెప్పింది అదే మొదటిసారి. ఆయన రిమోటు తీసి నా చేతిలో పెట్టాడు.

"పది మంది ఉన్నప్పుడు మొదలువెట్టిన" అన్నాడు. "నా మాట, జడ్జీల మాట ఒక్కటైతే చెవులు మంచిగున్నట్టే అనుకున్న. ఇంట్ల కూసోని చూసుకుంటే ఎవ్వలకు తెల్వదు గద."

నాకు భయమేస్తే తిట్లే వస్తాయి. ఆ రోజు బాగానే వచ్చాయి. దవాఖానకు పోతే సరిపోయేది, నాకు ఒక్క మాట చెబితే సరిపోయేది. అవన్నీ వదిలేసి, ఎక్కడో హైదరాబాదులో పిల్లలు పాడుతుంటే తన చెవులకు పరీక్ష పెట్టుకున్నాడు మహానుభావుడు!

"అరవకే" అన్నాడు. "ఖంగుమనే సప్పుడే నాకు అందుతలేదు, గట్టి బండ గూడ డొల్ల లెక్కనే వినవడ్తున్నది. అందుకే అన్నిటికి దుంగలు పెట్టిస్తున్న. ఎవ్వలకేం కాకుండ జాగర్తనే ఉన్న గద."

"నువ్వు జాగర్తనే ఉన్నవ్. నీ మాట ఎవడు ఇంటుండు? నువ్వు అటు పోంగనే వీడు ఇటు దూరుతుండట!"

అది ఆయనకు తెలియదు. ఒక్కసారి చెబితేనే వినపడింది. తమ్ముడు తల వంచుకున్నాడు. నా ఒక్కగానొక్క తమ్ముడు, ఎవరి చెవికీ సరిగ్గా అందని బండల కిందికి రోజూ పాకుతున్నాడు. నేనేమో ఇంట్లో సౌండు తగ్గించమని పోట్లాడుతున్నాను.

మర్నాడే ఆయన మేనేజరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పి, కర్ర అప్పజెప్పి వచ్చాడు.

ఫైనల్స్ రోజున నేను పదకొండింటికే వంట ముగించాను. రిమోటు నా చేతిలో ఉంది, కుర్చీ గోడవారకు జరిగింది. ఇన్నాళ్ళకు ఒక్కరోజైనా మనిషిలా కూర్చొని చూస్తాననుకున్నాను. సరిగ్గా రెండింటికి ఆయన వచ్చి టీవీ మీద తన తువ్వాల కప్పాడు.

"ఏందయ్యా గిది? ఫైనల్స్!"

"మొఖాలు చూస్తే చెవి మోసపోతది" అన్నాడు. తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టాడు. "ఇగ విని చెప్పు. గట్టిదా, డొల్లనా?"

అలా మూడు గంటలు. ఒక్కో పాటకు తమ్ముడు చెప్పడం, ఆయన నా వైపు తిరిగి "నిజమేనా?" అనడం, నేను తలూపడం. ఒకచోట వాడు తొందరపడి చెబితే నెత్తిన మొట్టికాయ పడింది. "బాయిల గిట్లనే చెప్తవా? మళ్ళ విను!" ముప్పై ఏళ్ళవాడు కిక్కురుమనకుండా విన్నాడు. గెలిచింది ఆ బక్కపలచని పిల్లే. బహుమతి అందుకుంటూ వాళ్ళమ్మను పట్టుకొని ఏడ్చిందట, పక్కింటామె చెప్పింది. నాకు కనిపించింది తువ్వాల మీద పసుపు మరక.

తర్వాత ఆయనకు బాయి పైన దీపాల గదిలో పని ఇచ్చారు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు దీపం అక్కడే తీసుకోవాలి, పైకి రాగానే అక్కడే తిరిగి ఇవ్వాలి. దీపం రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కొన్నాళ్ళకు తమ్ముడు పరీక్ష పాసై సర్దార్ అయ్యాడు, బండలు తట్టే కర్ర వాడి చేతికి వచ్చింది. అప్పటినుంచి మా ఆయన డ్యూటీ అయిపోగానే ఇంటికి రావడం మానేశాడు. నేను వడ్డించి పెట్టిన అన్నం రోజూ చల్లారిపోయేది. ఆయన రాగానే వాకిట్లోనే నిలదీసేదాన్ని.

"ఎంతసేపయ్యా? కూడు యాదికున్నదా లేదా?"

ఆయన చెప్పులు విడుస్తూ, నా మాట వినపడిందో లేదో తెలియనివ్వకుండా, ఒక్కటే మాట అనేవాడు.

"నీ తమ్ముని దీపం వచ్చింది."

నేను లోపలికి పోయి అన్నం మళ్ళీ వేడిచేసేదాన్ని.