బొంత కప్పుకున్న పియానో

చీరాలలో ఆడపిల్లల బడికి నేను పాటల టీచరుగా వెళ్ళేసరికి అక్కడొక పియానో ఉంది. ఎవరో దొరసాని వదిలి వెళ్ళినది. ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పట్టి, ఉండుండి ఒకటి ఫెళ్ళున తెగేది. పిల్లలు దాన్ని పియానో అనడం మానేసి "పోయెనో" అనేవారు.

తీగలు తెగడానికి తుప్పుతో పాటు నా చేతులూ కారణమే మరి. వినుకొండ దగ్గర మిరప పండించే ఇంట పుట్టి, రోకలి పట్టి కారం దంచిన చేతులు. ట్రైనింగులో వాయించడం నేర్పారు గాని, దంచడం మాన్పించలేకపోయారు.

ఏటా మద్రాసు నుంచి శ్రుతి చేసే ఆయన వచ్చేవారు. తుప్పు పట్టిన తీగని ముందు కాస్త వదులు చేసి, అది పట్టు విడిచాక మెల్లగా బిగించేవారు. ఒక్క ఊపున బిగిస్తే తెగుతుందట. నేను చేరిన ఏడు పని ముగించి, చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"ఇంత గట్టిగా కొట్టేది ఎవరండీ?"

హెడ్మిస్ట్రెస్ గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

"చెమ్మ తగలనివ్వకండి. మెల్లగా వాయించండి. తీగలు నిలుస్తాయి" అన్నారాయన.

హెడ్మిస్ట్రెస్ గారు మొదటి మాట పట్టుకున్నారు. కొత్త దూది తెప్పించి, స్వయంగా బొంత కుట్టి, మీటలు తప్ప పియానో అంతా నేలదాకా కప్పేశారు. దాంతో దాని గొంతు పూడుకుపోయింది. వినపడక నేను ఇంకా గట్టిగా కొట్టాను. తీగ తెగింది. చెమ్మ లోపలికి పోతోందని ఆవిడ బొంతకి ఇంకో పొర వేశారు. నేను ఇంకాస్త బలం వేశాను.

"ఇంకొక్కటి తెగిందా, స్టోరు గదిలో పెట్టించేస్తానమ్మా. హార్మోనియంతో సరిపెట్టుకుందాం" అన్నారు చివరికి. ఆ కొత్త ఊళ్ళో సాయంత్రాలు నాకు తోడున్నది ఆ పియానో ఒక్కటే.

వార్షికోత్సవంలో పిల్లల కోలాటానికి నా వాయింపు. తీగ తెగకుండా వేళ్ళని బతిమాలుకుంటూ మెల్లగా మొదలెట్టాను. అడుగు అందక పిల్లల కోలలు ఒకరివి ఒకరి మోచేతులకి తగులుతున్నాయి. జనంలోంచి ఒక రైతు లేచాడు.

"ఏవమ్మా టీచరమ్మా! వాయిస్తన్నావా, నిద్రపుచ్చుతన్నావా?"

"గట్టిగా! గట్టిగా!" అన్నారు వెనక బెంచీలవాళ్ళు.

చెయ్యి ఎత్తబోయి ఆగిపోయాను.

"దానికేవన్నా చలిజొరవా? ఆ బొంత లాగెయ్యండమ్మా, మాట బయటికొచ్చిద్ది!" అన్నాడు ఆ రైతే.

సభంతా ఘొల్లుమంది. హెడ్మిస్ట్రెస్ గారి ముఖం ఎర్రబడింది. విసవిసా వేదిక ఎక్కారు. నన్ను దించేస్తారనుకున్నాను. ఆవిడ బొంత లాగి భుజాన వేసుకుని, పియానో పైమూత ఎత్తి, "ఊఁ, వాయించండి" అన్నారు.

వేలు అలా తగిలిందో లేదో, పందిరంతా మోగింది. నేనే ఉలిక్కిపడ్డాను. దంచక్కర్లేదు, తాకితే చాలు! పిల్లల కాళ్ళకి లయ దొరికింది. కోలలు కోలలకే తగిలాయి. ఒక్క తీగా తెగలేదు. ముగియగానే "ఇంకోటి!" అని కేకలు.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగారు.

"కానివ్వండి, వీళ్ళు వదిలేట్టు లేరు. ఆ మద్రాసాయన్ని వచ్చే ఏడు కూడా రమ్మందాం."