అక్క మిరపకాయలూ, ఐసు ఫ్యాక్టరీ ఫ్యూజూ

ఒంగోలులో మా ఐసు ఫ్యాక్టరీకి కొత్త మోటారు వచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు నేల మీద నిలవవు. పదిహేను హార్సుపవరు! పాతది పదే. అది కాలిపోయినప్పటి నుంచీ కొత్తపట్నం చేపలవాళ్లు ఐసు కోసం మా గుమ్మం ముందు పడిగాపులు పడుతున్నారు. ఫ్యాక్టరీ మా బావది, అంటే అక్క మొగుడిది. కరెంటు పని నాది.

"పాత తీగ దీన్ని మొయ్యలేదు బావా. లావు తీగ గుంటూరు నుంచి రేపొస్తోంది, ఒక్క రోజు ఆగు" అన్నాను.

"నేను ఆగుతాను, ముహూర్తం ఆగుతుందిరా?" అన్నాడు.

ఆ పాత తీగ వెళ్లేది గోడ అవతల గదిలోంచి. అక్క తన మిరప పంటంతా ఆ గదిలోనే బస్తాలకెత్తి పెట్టుకుంది. పుట్టింటివాళ్లిచ్చిన చేలో తను దగ్గరుండి కోయించి, ఎండబోయించిన కాయ అది. ధర పెరిగాక అమ్ముదామని ఆశ.

మోటారు లేచేటప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. ఫ్యూజు ఎలాగూ పోతుంది, అప్పుడైనా నా మాట వింటాడులే అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టారు. బావ మీట వేశాడు. మోటారు గుర్రుమని లేచింది. చప్పట్లే చప్పట్లు! ఫ్యూజు పోలేదు!

ఎలా పోతుంది? నలుగురి ముందు, ముహూర్తం వేళ ఫ్యూజు పోతే అపశకునమని మా బావ నాకు తెలియకుండా అందులో ఎంతకీ తెగని లావు రాగితీగ మెలిపెట్టి బిగించాడు. ఆ మహానుభావుడి తెలివి తెల్లారినట్టే ఉంది!

కాసేపటికి చేపలవాళ్లలో ఒకాయన దగ్గాడు. తర్వాత పురోహితుడు. ఆ తర్వాత అందరం! కళ్లల్లో నీళ్లు, గొంతులో మంట. మిరప ఘాటు! పరుగెత్తి మెయిను లాగేశాను. అవతలి గదిలో తీగ కింద చెక్కపట్టీ మాడి, నిప్పు ఒక బస్తా మీద రాలింది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ బస్తాను ఒక్కతే బయటికి ఈడ్చేసింది. మిగతావి దక్కాయి.

"మీ శకునం మండిపోనూ! నా పంటకే నిప్పు పెడతారా?" అని బావ మీద విరుచుకుపడింది. బావ నోరు తెరిస్తే దగ్గే వచ్చింది.

మర్నాడు తీగ వచ్చింది. ఎంత ముద్దొచ్చిందో! మోటారుకు తగ్గ తీగ లాగాను, తీగకు తగ్గ ఫ్యూజు వేశాను. మోటారు లేచే ఊపును ఆ ఫ్యూజు తట్టుకోవాలి, తీగ వేడెక్కేలోపే తెగిపోవాలి. రాగితీగ ముక్కలన్నీ బావ కంటపడకుండా దాచేశాను.

మళ్లీ జనం, మళ్లీ కొబ్బరికాయ. బావ కంగారులో, మోటారు తిప్పాల్సిన కంప్రెసరు వాల్వు తెరవకుండానే మీట వేశాడు. మోటారు కదల్లేక మూలిగింది. టప్పుమని ఫ్యూజు పోయింది.

బావ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

అప్పుడు గోడ అవతల నుంచి అక్క కేక: "ఒరేయ్ తమ్ముడూ! తీగ చల్లగా ఉందిరా!"

నేను మెయిను లాగి, కొత్త ఫ్యూజు వేసి, వాల్వు తెరిచాను. మీట వెయ్యబోతుంటే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకో కొబ్బరికాయ తీసుకుని, మోటారును దాటుకుని పోయి, ఫ్యూజు పెట్టె ముందు కొట్టాడు.