పరుపు కింద మరిచిన పట్టా

పోయిన ఆదివారం పొద్దున్న గుడికి తయారవుతుంటే, పోస్టాఫీసు అమ్మగారు పోయారని కబురు వచ్చింది. పాలు పోసే ఆమె చెప్పింది. ఎంత పిలిచినా పలక్కపోతే తలుపు తోసి చూసిందట, మంచం మీదే ఉన్నారట. నేను జడ సగంలో వదిలేసి వెళ్ళాను.

సాయంత్రం సమాధుల తోటలో మా సంఘపెద్ద మైకు పట్టుకుని, ఆవిడ శాంతమూర్తి అన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వినేసరికి నాకు నవ్వొచ్చింది. పెట్టె ముందు నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కవాళ్ళు ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు.

ఆవిడ శాంతమూర్తి కాదు. ఊళ్ళో సగం మందిని తిట్టారు, అందరికంటే ఎక్కువగా ఆ పెద్దాయన్నే తిట్టారు. తిట్టవలసినవాళ్ళనే తిట్టారు. నేను ఐదో తరగతి వరకే చదివాను, నలుగురిలో నోరు పెగలదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎస్. రాయవరం వైపు నుంచి నర్సీపట్నం కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ ఇంకా పోస్టాఫీసు కౌంటరులోనే ఉన్నారు. మా అత్తగారు మనియార్డరు చేసి రమ్మంటే, ఫారం నింపిపెట్టమని పక్కనున్న ఆయన్ని బతిమాలుతున్నాను. కౌంటరు లోపలి నుంచి కలం వచ్చి నా ముందు పడింది.

"నీకు సెయ్యి లేదేటి? పేరు నువ్వే రాయి."

మూడు ఫారాలు పాడుచేశాను. వెనక వరసలో వాళ్ళు గొణిగారు. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "ఆగండి. ఇక్కడి నుంచి ఎల్లి మీరేటి కోటలు కట్టెయ్యాలా?" అన్నారు. నాలుగో ఫారం సరిగ్గా వచ్చింది. ఆవిడ మెచ్చుకోలేదు. ముద్ర కొట్టి, "సిగ్గు మంచిదే గానీ కౌంటరు దగ్గర పనికిరాదు" అన్నారు.

రిటైరయ్యాక మా వీధిలోనే ఒక్కరే ఉండేవారు. ఎవరింటికి ఏ కవరు వచ్చినా దూరంగా పట్టుకుని పై అడ్రసు మొత్తం చదివి, తప్పులు చెప్పిగానీ ఇచ్చేవారు కాదు. స్టాంపును నాలికతో తడిపేవాళ్ళంటే ఆవిడకి రోత. "తియ్యగా మాటాడేవాడే స్టాంపు తక్కువ అంటిస్తాడు" అనేవారు. ఆ మాట ఎవరి గురించో మా వీధిలో అందరికీ తెలుసు.

నాకు ప్రభుత్వం ఇంటి స్థలం పట్టా ఇచ్చింది. నా పేరు రాసి, నా ఫొటో అంటించి ఇచ్చారు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నా పేరున ఉన్నది అదొక్కటే. ఆ ఏడే మా సంఘపెద్ద కొంతమందిని కూడగట్టి యెరూషలేము యాత్రకి తీసుకెళ్ళారు. మా అత్తగారు ఎన్నాళ్ళుగానో దాచుకున్నది ఇచ్చి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పకుండా పట్టా కూడా పట్టుకెళ్ళారు. అక్కడ దాన్ని చేతిలో పెట్టుకుని ప్రార్థన చేస్తే ఇల్లు బేగి లేస్తుందని ఆవిడ ఆశ. ఆ ఆశని నేను తప్పు పట్టను.

తిరుగు ప్రయాణంలో అమ్మాన్ అనే పరాయి దేశపు ఊళ్ళో హోటల్లో దిగారు. మా ఇళ్ళలో కాగితమంటే పరుపు కిందే ఉంటుంది. రేషను కార్డు, కరెంటు బిల్లు, డాక్టరు చీటీ అన్నీ అక్కడే. ఆవిడ అక్కడా అదే చేశారు. ఇంటికొచ్చిన నాలుగో రోజున కరెంటు బిల్లు కోసం మా పరుపు ఎత్తినప్పుడు, ఆ పరుపు గుర్తొచ్చి కూలబడిపోయారు.

ఆ నెలాఖరులోగా అసలు పట్టా చూపించకపోతే స్థలం వేరేవాళ్ళకి రాసేస్తామని మండలాఫీసువాళ్ళు అప్పటికే చెప్పి వెళ్ళారు.

అత్తగారు సిగ్గుపడి, సంఘపెద్దతో ఏవో ముఖ్యమైన కాగితాలు మరిచిపోయానని మాత్రమే చెప్పారు. ఆయన రెండు రోజుల తర్వాత వచ్చి, మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, ఉప్మాలో జీడిపప్పు ఏరుకు తింటూ సంగతి చెప్పారు. హోటల్లో పనిచేసే ఒకతనికి కాగితాలు దొరికాయట. అతని సొంత పేరు మీద డబ్బు పంపితే చాటుగా పంపిస్తాడట. హోటలువాళ్ళకి తెలిస్తే చెత్తలో పారేస్తారట, అందుకని ఆ డబ్బు తన చేతికిస్తే తానే అతనికి పంపుతానన్నారు. మా బావగారు ప్రతి మాటకీ తల ఊపారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు ఏం చెప్పినా ఆయన తల ఊపుతారు. మా ఆయన నేల చూశారు.

నేను పెరటి దారిన అమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగారు.

"హోటలు పేరు మీద కాదా? మనిషి పేరు మీదా?"

అవునన్నాను. "అయితే ఆ మనిషిని నమ్మినోడు ఎర్రోడు. నమ్మమన్నోడు ఇంకా ఎర్రోడు" అని చెప్పులేసుకున్నారు.

మా అత్తగారు హోటలు సబ్బులు దాచి తెచ్చుకున్నారు. ఆ సబ్బు కాగితం మీద హోటలు అడ్రసు, ఈమెయిలు ఉన్నాయి. గది నంబరు ఆవిడకి పాటల పుస్తకంలో పాట నంబరుగా గుర్తుంది. ఆ రెండూ పట్టుకుని ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళాం. అమ్మగారు టెలిగ్రాం కొట్టినట్టు పది మాటల్లో ఇంగ్లీషులో చెప్పారు. ఎంత పొడుగు రాసినా డబ్బు ఒకటేనండీ అన్నాడు సెంటరాయన. "పొడుగు రాసేది అబద్ధమాడేవాడు. నువ్వు కొట్టు" అన్నారు.

మర్నాడు హోటలు నుంచి జవాబు వచ్చింది. ఆ గదిలో పరుపు కింద ఒకే ఒక కాగితం దొరికింది, దాని మీది అక్షరాలు మాకు చదవడం రాదు, పైన ఒక యువతి ఫొటో ఉంది, పోయిన వస్తువుల గదిలో భద్రంగా ఉంచాం అని. కొరియర్‌లో పంపుతామని, దాని ఖర్చు మేము కొరియర్‌వాళ్ళ విశాఖపట్నం ఆఫీసులో అందుకునేటప్పుడు కట్టవచ్చని, కవరు నంబరు ముందే తెలియజేస్తామని రాశారు.

"ఇది మన వి.పి. పార్సిలే. సరుకొచ్చాకే డబ్బు. వాళ్ళెవరో ఏటో, వాళ్ళకున్న పద్ధతి మన పెద్దమనిషికి లేదు" అన్నారు అమ్మగారు. ఆయన్ని వెళ్ళి అడగాల్సిన ప్రశ్న కూడా నాకు చెప్పారు. మీరే వచ్చి అడగండమ్మా అన్నాను.

"నానడిగితే గయ్యాళి అడిగిందంటారు. కాగితం నీది. నువ్వడుగు."

సాయంత్రం ఆయన డబ్బు కోసం వచ్చారు. బావగారు లోపలి నుంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టబోతున్నారు. నేను అంతవరకు ఆ ఇంట్లో మగవాళ్ళ ముందు మాట్లాడలేదు. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"బాబుగారూ, ఆ కాగితం మీద ఎవరి ఫొటో ఉందో కనుక్కున్నారా?"

"ఇంకెవరిదమ్మా, మీ అత్తదే. ఆ కుర్రాడు సూసి మరీ ఫోన్లో సెప్పాడు. ముసలావిడ ఫొటో అన్నాడు."

"అది నా ఫొటోనండి" అన్నాను.

మా అత్తగారు కొంగు సర్దుకుని, అవును, అది దాని పట్టాయే అన్నారు. పెద్దాయనకి అప్పుడే ప్రార్థన కూడిక గుర్తొచ్చి లేచి వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఉండి, హోటలోడు సరిగ్గా సూళ్ళేదేమో అన్నారు బావగారు. ఇలాంటి బావగారికా నేను అన్నేళ్ళు భయపడ్డాను.

ఆయన మోసం చేశారా, ఎవడి చేతిలోనైనా మోసపోయారా అని తర్వాత అమ్మగారిని అడిగాను. "ఏదైతే నాకెందుకు? రెంటిలోనూ పోయేది నీ డబ్బే" అన్నారు.

కొరియర్ వచ్చిందని తెలిసిన రోజు మేమిద్దరం తెల్లారగట్ల బస్సెక్కాం. విశాఖపట్నం ఆఫీసులో గుమస్తా ముందు డబ్బు కట్టమన్నాడు. అమ్మగారు ముందు కవరు చూపించమన్నారు. హోటలు రాసిన నంబరు, కవరు మీది నంబరు ఒక్కొక్క అంకె వేలితో కలిపి చూశారు. పంపినవాళ్ళ పేరు చదివారు. రసీదు రాయించారు. అప్పుడు నా వైపు తిరిగి, ఇప్పుడియ్యి అన్నారు. సంతకం నేనే పెట్టాను. అక్కడే చింపబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఇక్కడ సింపకు. మీ బావ ముందు సింపు. లేపోతే మనమే ఏదో మార్చీసి తెచ్చామంటాడు."

ఇవాళ ఆ స్థలంలో కట్టుకున్న ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. అందులో ఉన్నది పట్టాయేనని వేరే చెప్పక్కర్లేదు. కానీ నాకు ఆవిడని తలుచుకుంటే కవరు చింపిన ఘడియ గుర్తుకు రాదు.

తిరుగు బస్సులో అనకాపల్లి దాటాక ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఎవరినీ నమ్మని మనిషి, నోరు కాస్త తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయారు. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతుంటే కవరు ఎత్తి అడ్డం పెట్టాను. తాళ్ళపాలెం వచ్చింది, చెరుకు బళ్ళు అడ్డం వచ్చి బస్సు ఆగింది, మళ్ళీ కదిలింది. చెయ్యి తిమ్మిరెక్కింది. ఆ కవరు నీడ ఆవిడ కళ్ళ మీద నుంచి జారకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.