గలీబు ఉతికిన పిల్ల

ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్ల సర్వీసు ఉన్న ఆమెకు మరక చూస్తే జబ్బు తెలిసిపోతుంది. రక్తమైతే చన్నీళ్లలో నానబెట్టాలి, చీము అయితే వేరే బుట్టలో వెయ్యాలి, మందుల పసుపు ఎంత ఉడకబెట్టినా వదలదు. ఆదివారాలు మాత్రం ఆమె సండే స్కూలు టీచరు. సంఘంలో అందరూ ఆమెను వాక్యాలమ్మ అంటారు.

కడుపులో ఉన్నప్పటి నుంచే కూతుర్ని దేవుడి బిడ్డగా పెంచానని చెప్పుకునేది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. పొట్ట మీద చెయ్యేసుకుని వాక్యాలు చదివి వినిపించింది. రెండేళ్లకు అవే పిల్ల నోట పలికించింది. మూడేళ్లకు పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుంది. ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

చిక్కంతా సాక్ష్యాలతో వచ్చింది. ప్రతి ఆదివారం పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. చెప్పడానికేమీ లేదన్న పిల్లను వాక్యాలమ్మ తిట్టదు, జాలిగా చూస్తుంది. ఆ చూపు కంటే రెండు దెబ్బలు నయం.

ఎనిమిదో ఏట కూతురికి కుడిచెవి పోటు పట్టుకుంది. తల్లి చెవి మీద చెయ్యి పెట్టి పూటపూటా ప్రార్థన చేసింది. శనివారానికి పోటు తగ్గింది. మర్నాడు పిల్ల లేచి, “దేవుడు నా చెవి బాగుచేశాడు” అంది. పాస్టరుగారికి ముచ్చటేసి, పెద్దల ఆరాధనలో బల్ల ఎక్కించి మళ్లీ చెప్పించారు.

మంగళవారం చెవి కారింది. పిల్ల ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మూడు నెలల్లో పిల్ల పిలిస్తే పలకడం తగ్గించింది. “గొంతు చించుకుంటున్నా గుంజలా నిలబడతావేమే? ఇంత మొండితనం ఎక్కడ నేర్చావ్?” అని తల్లి గోడకుర్చీ వేయించింది. అయినా లాండ్రీలో ఆ పిల్ల గురించి గొప్పలు ఆగలేదు.

“మా పిల్ల దిండు గలీబు రోజూ అదే ఉతుక్కుంటోంది పిన్నీ. ఎవరూ చెప్పకుండానే.”

అవతలి కొస పట్టుకుని దుప్పటి మడుస్తున్న ముసలామెకు దేవుడితో పెద్దగా రాకపోకలు లేవు. “నీ మొహం! నా మనవరాలు తిన్న కంచం తియ్యదు. ఎనిమిదేళ్లది గలీబు ఉతుకుతోందంటే, దాని మీద నువ్వు చూడకూడనిదేదో ఉందే.”

“నీకన్నీ వంకరగానే కనబడతాయి.”

“ఊళ్లోవాళ్ల మరకలన్నీ చూస్తావు కదా. పోయి నీ ఇంట్లోది చూడు.”

వాక్యాలమ్మ దుప్పటి కొస వదిలేసి ఇంటికి నడిచింది.

ఇంట్లో గలీబు తీగ మీద తెల్లగా ఆరుతోంది. గలీబు తీసిన దిండు మీద అరచేతి మేర, ఆమెకు బాగా తెలిసిన రంగు. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకపోయింది.

“ఎన్నాళ్లయింది?” అన్నాడు చెవి డాక్టరు. పిల్ల ఆయన పెదాలు చూసింది, తర్వాత తల్లిని చూసింది.

“నాకెందుకు చెప్పలేదే బంగారూ?”

“చెప్తే నేను అబద్ధం ఆడినట్టు కదమ్మా. దేవుడు కూడా.”

చీము చెవి వెనక ఎముకను తినేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. కుడిచెవి ఇక వినిపించదన్నారు.

“ఎడమది మిగిలింది కదమ్మా, అదే సాక్ష్యంగా చెప్పు” అన్నారు పాస్టరుగారు. “మిగతాది చెబితే పిల్లల విశ్వాసం దెబ్బతింటుంది.”

“వాళ్ల విశ్వాసానికేం ఢోకా లేదయ్యగారూ. నా భయమంతా అదే.”

పిల్ల ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆదివారం వాక్యాలమ్మ పందొమ్మిది మంది పిల్లల ముందు నిలబడింది.

“ఈవేళ మేళ్లు వద్దు. ఎవరికెక్కడ నొప్పిగా ఉందో చెప్పండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు వరుసలో ఒక పిల్ల చెంప నిమ్మకాయంత వాచి ఉంది. వాక్యాలమ్మ ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది.

“పన్ను నొప్పేనా అమ్మా?”

“లేదు టీచర్. తగ్గిపోయింది” అంది పిల్ల, మూతి ఒక పక్కనుంచే తెరిచి.

“నొప్పి ఉందంటే తప్పు కాదురా. నేనేమీ అనను. ఏదీ, నోరు తెరువు.”

ఇదేదో పరీక్ష అనుకుంది కాబోలు, పిల్ల ఆమె కళ్లలోకి చూసి పెదాలు ఇంకా గట్టిగా బిగించింది.